ఎన్న అన్నాడా, ఇన్న అన్నాడా

పోయిన వారం మహీల్‌ని గాల్ మైదానం మధ్యలో ఒంటరిగా నిలబెట్టి వచ్చేశాం కదా, ముందు అక్కడికి పోదాం.

గెలవడానికి ఇంకా ఇరవై మూడు పరుగులు కావాలి. క్రీజులో ఉన్నది అన్నదమ్ములిద్దరే, హెట్టిహేవ మహీల్, హెట్టిహేవ సెనుర. అన్న సెంచరీ అంచున ఉన్నాడు. తమ్ముడు బంతిని కవర్స్ వైపు నెట్టి ఏదో అరిచాడు. అన్న పరిగెత్తాడు. తమ్ముడు కదల్లేదు. అంతే. పిచ్ మధ్యలో ఆగిపోయి తమ్ముడి వంక చూసిన మహీల్ మొహాన్ని దేశం మొత్తం టీవీల్లో పదేపదే చూసింది. ఆ తర్వాత మిగతా వికెట్లు టపటపా రాలిపోయాయి, మ్యాచ్ చేతిలోంచి జారిపోయింది.

ఇంతకీ సెనుర అరిచిందేంటి? వాళ్ళ భాషలో 'ఎన్న' అంటే రండి. 'ఇన్న' అంటే ఉండండి. ఒక్క అక్షరం తేడా. వికెట్ల దగ్గర మైకు ఉంది గానీ దాన్నిండా స్టాండులోని పపరే బ్యాండు వాళ్ళ బాకాలూ డప్పులే. మిగతా బ్యాటర్లంతా యెస్, నో, వెయిట్ అని అరుచుకుంటారు. వీళ్ళిద్దరే ఇంటి మాటలతో పిలుచుకుంటారు, అదీ మర్యాదగా. అంబలంగొడలో వీళ్ళమ్మ సోమలత టీచర్‌గా చేసి రిటైరైంది. రారా అనే 'వరెన్', ఆగరా అనే 'హిటపన్' లాంటి మోటు మాటలు ఆవిడ గడప దాటి లోపలికి రాకూడదు. "పశువుల్ని పిలిచినట్టు పిలుచుకుంటారేంట్రా, మనుషులు కారా మీరు" అని చిన్నప్పుడే ఇద్దరి నోళ్ళూ కడిగేసింది. పెరట్లో ఆడినా ఎన్న, ఇన్న. టెస్టు మ్యాచ్ ఆడినా ఎన్న, ఇన్న.

సెనుర 'ఇన్న' అన్నానంటాడు. మహీల్ నోరే విప్పడు. పేపర్ల వాళ్ళు మాత్రం అన్నని ముంచిన తమ్ముడని తీర్పు రాసేశారు.

గురువారం కొలంబోలో ఆఖరి టెస్టు. ఇవాళ ఆదివారం. మధ్యాహ్నం భోజనం వేళకి చీఫ్ సెలక్టర్ కరియవసం వీళ్ళింటి ముందు కారు దిగి, చెప్పులు గుమ్మం బయట విడిచి, పిలవకుండానే లోపలికి వచ్చి కూర్చున్నాడు.

కూర్చున్నాడు సరే, ఏ కుర్చీలో? గోడవారగా ఉన్న కుర్చీలో. అది మహీల్ కుర్చీ. మహీల్ ఒక్క క్షణం తటపటాయించడం సెనుర చూశాడు. తర్వాత ఇవతలి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు మహీల్. ఇప్పుడు వాడికి ఎడమ పక్కన గోడ లేదు, వంటింటి గుమ్మం, చేతులు కడుక్కునే పంపు ఉన్నాయి.

"టీచర్ గారూ, మీ అంబుల్ తియల్ తినడానికైనా రిటైరై ఈ ఊరొచ్చి పడతాను," అన్నాడు కరియవసం, పులుసు చేప ముక్క విరుచుకుంటూ. ఒకప్పుడు ఎడమచేతి వాటం బౌలరు. పొట్ట వచ్చింది గానీ భుజాలు ఇంకా తలుపంత వెడల్పు.

"తినండి, తినండి. కడుపు నిండాక అసలు సంగతి చెప్పండి. చేప కోసం కొలంబో నుంచి ఎవరూ రారు," అంది సోమలత.

కరియవసం నవ్వేశాడు. వెంటనే నవ్వు మానేశాడు.

"సరే చెప్తాను. గురువారం మ్యాచ్‌కి మహీల్ కెప్టెన్."

సెనుర చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. అన్న కెప్టెన్. పెరట్లో కొబ్బరి మట్ట పట్టుకుని ఆడినప్పటి నుంచీ ఇద్దరూ కలిసి కన్న కల అది. ఆనందంతో లేవబోయాడు.

"కూర్చో బాబూ, ఇంకా ఉంది. మంగళవారం విలేకరులు వస్తారు. ఆ రోజు నోరు జారి తప్పుగా పిలిచానని నువ్వు చెప్తావు. క్షమించమంటావు. ఈ ఒక్క టెస్టూ పక్కన కూర్చుంటావు. జనం చల్లబడ్డాక మళ్ళీ పిలుస్తాం."

"నేను తప్పుగా పిలవలేదు సార్."

"పిలిచావో లేదో నేను అడగలేదు. చెప్పమంటున్నాను, అంతే."

"పిలవనిది పిలిచానని ఎలా చెప్తాను? నేను ఇన్న అన్నాను."

"ఎవరు విన్నారు?"

సెనుర అన్న వంక చూశాడు. మహీల్ తల వంచుకుని అన్నం కలుపుతున్నాడు.

"విన్నవాడు ఒక్కడే," అన్నాడు కరియవసం, "వాడేమో మాట్లాడడు. నువ్వన్నదే నిజమైతే మీ అన్న తప్పు విన్నట్టు. తప్పు విన్నవాణ్ని కెప్టెన్ని ఎలా చెయ్యను? ఇద్దరిలో ఒకడు తప్పు చేశాడు సెనురా. ఎవడో నువ్వే ఎంచుకో. ఇంకోటి, ఇకమీదట ఈ ఇంటి మాటలు కట్టిపెట్టండి. యెస్, నో, వెయిట్. అందరిలాగా."

"మా ఇంటి మాటలకి ఏం రోగం వచ్చింది?" అంది సోమలత, గరిటె పట్టుకుని.

"రోగం కాదు టీచర్ గారూ, మర్యాద ఎక్కువైంది. రనౌట్ అయ్యేంత మర్యాద ఎక్కడైనా ఉంటుందా?"

సెనుర ఒళ్ళు మండిపోతోంది. ఐదు రోజులుగా మండుతూనే ఉంది. చేపల బజారులో మొహం మీదే తిట్టారు. ఎవడో వాళ్ళ గేటు మీద బొగ్గుతో పాము బొమ్మ గీసి పోయాడు. అన్న ఒక్క మాట అంటే ఆగిపోయేది ఇదంతా. అన్న అనలేదు. అయినా ఇప్పుడు ఒక చిన్న అబద్ధం ఆడితే అదే అన్న కెప్టెన్ అవుతాడు. ఆడెయ్యొచ్చు. చాలామంది ఆడేస్తారు.

"సార్, గాల్‌లో నా తప్పు ఒకటుంది," అన్నాడు సెనుర నెమ్మదిగా. "అన్నయ్య సగం దూరం వచ్చేశాక కూడా నేను క్రీజులో నిలబడ్డాను. నేను కూడా పరిగెత్తి ఉంటే నా వికెట్ పోయేది, అన్నయ్య ఉండేవాడు. అది అడగండి, కొలంబో వీధుల్లో నిలబడి చెప్తాను. కానీ పిలుపు సరైందే. దాన్ని తప్పనను. మీరు జట్టులోంచి తీసేస్తానన్నా అనను."

"పొగరు."

"అవును సార్."

మధ్యలో సోమలత పరిప్పు గిన్నె పట్టుకుని మహీల్ ఎడమ పక్కకి వచ్చింది. "పప్పు వెయ్యనా కన్నా?" మహీల్ పలకలేదు. "మహీల్, పప్పు." మహీల్ చేప ముల్లు తీసుకుంటున్నాడు. ఆవిడ విసుక్కుని వేసేసింది. పళ్ళెంలో పప్పు పడగానే మహీల్ ఉలిక్కిపడ్డాడు.

మామూలు రోజైతే సెనుర పట్టించుకునేవాడే కాదు. కానీ ఇవాళ వాడి చూపంతా అన్న మీదే ఉంది. ఆ ఉలికిపాటు చూడగానే వాడి బుర్రలో ఎక్కడెక్కడివో ముక్కలు ఒక్కసారిగా కదిలాయి. గోడవార కుర్చీ. బస్సులో ఎప్పుడూ ఎడమవైపు కిటికీ. కారంటే ప్రాణం పెట్టే మనిషి, ఏడాదిగా స్టీరింగ్ తమ్ముడికిచ్చి ఎడమ సీట్లో కూర్చుంటున్నాడు, అంటే కుడి చెవి తమ్ముడి వైపు. పదేళ్ళు స్లిప్‌లో నిలబడ్డవాడు బౌండరీ దగ్గరికి వెళ్ళిపోయాడు, నడుం నొప్పని చెప్పి. జోకు వేస్తే అందరి మొహాలూ చూశాక నవ్వుతాడు. ఎప్పటి నుంచి? పెర్త్ నుంచి. పెర్త్‌లో బౌన్సర్ హెల్మెట్ వెనక ఎడమ చెవి దగ్గర తగిలి, కింద పడి, లేచి, ఏం కాలేదని చెయ్యి ఊపినప్పటి నుంచి.

అన్నయ్యకి ఎడమ చెవి వినపడదు.

గాల్‌లో అంత గోలలో, హెల్మెట్ లోపల, ఒక్క చెవితో ఏం వినపడుతుంది? వినలేదు. చూశాడు. నా మూతి చూసి పరిగెత్తాడు. సెనుర పెదాలతో ఎన్న అనుకున్నాడు. ఇన్న అనుకున్నాడు. పెదాలు రెండిటికీ ఒకేలా కదిలాయి.

అప్పటికే కరియవసం లేచి పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు, మహీల్‌కి వెనగ్గా, ఎడమ పక్కన. "మహీల్, నువ్వే చెప్పెయ్యి బాబూ. ఆ రోజు నీకేం వినపడింది?"

మహీల్ అన్నం తింటున్నాడు.

సెనుర అడ్డొచ్చాడు. "అన్నయ్యని వదిలెయ్యండి సార్," అన్నాడు గబగబా. "ఏం అడగాలన్నా నన్నడగండి."

కరియవసం పంపు కట్టేశాడు. సెనుర మొహం చూశాడు. మహీల్ వీపు చూశాడు. బ్యాటర్ కాళ్ళ కదలిక చూసి బంతి మార్చే బౌలరు కళ్ళవి. అక్కణ్నుంచి కదలకుండానే, మామూలు గొంతుతో, "మహీల్, నీ కుర్చీ కింద పాముంది," అన్నాడు.

అప్పుడే కూర్చున్న సోమలత రెండు కాళ్ళూ ఎత్తి కుర్చీ మీద పెట్టేసింది. సెనుర కూడా తెలియకుండానే వెనక్కి జరిగాడు. మహీల్ పప్పులో కొబ్బరి సంబోల్ పచ్చడి నంజుకున్నాడు.

నంజుకుని తలెత్తాడు. కుర్చీ మీద బాసింపట్టు వేసుక్కూర్చున్న అమ్మని చూశాడు. తమ్ముణ్ని చూశాడు. తమ్ముడి కళ్ళల్లో నీళ్ళు. అర్థమైపోయింది. చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టి, మెల్లగా వెనక్కి తిరిగాడు.

"ఏమన్నారు సార్? ఇటు కుడిపక్కకి వచ్చి చెప్పండి."

సోమలత కాళ్ళు కిందికి దించేసింది.

"ఎప్పటి నుంచి?" అన్నాడు కరియవసం, నిజంగానే కుడిపక్కకి వచ్చి.

"పెర్త్ నుంచి. ఎడమది పూర్తిగా పోయింది."

"ఒక్కడికీ చెప్పలేదు?"

"చెప్తే ఆడనిచ్చేవారా?" మహీల్ గొంతు పెద్దగా లేదు, కానీ కిందికి దిగలేదు. "ఆ దెబ్బ తర్వాత నాలుగు సెంచరీలు కొట్టాను. చెవితో కొట్టలేదు సార్, బ్యాటుతో కొట్టాను. తీసెయ్యాలంటే తీసెయ్యండి. కానీ గాల్‌లో తప్పు పిలుపుది కాదు. వాడు ఇన్న అనే ఉంటాడు. నేను చూసుకోలేకపోయాను. ఈ మాట మంగళవారం దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే ఎవర్ని పిలిచినా చెప్తాను."

"ఐదు రోజులు," అన్నాడు సెనుర. "ఐదు రోజులు ఊరంతా నన్ను తిడుతుంటే చూస్తూ కూర్చున్నావు."

"కూర్చున్నాను. భయపడ్డాను తమ్ముడూ. సార్ కెప్టెన్ అనగానే నీ మొహం చూశాను. ఒప్పేసుకుంటావనుకున్నాను. నువ్వు ఒప్పేసుకుని ఉంటే నేను జన్మలో నీ ఎదురుగా కూర్చుని అన్నం తినలేకపోయేవాణ్ని."

"నాకైనా చెప్పొచ్చుగా."

"నీకు చెప్తే గొంతు చించుకుని అరిచేవాడివి. మైదానంలో ఉన్న కాకులక్కూడా తెలిసిపోయేది."

ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి సెనురకి. అప్పుడు వాడి నోరు దానంతటదే చిన్నప్పటి పని చేసింది. అమ్మ ఎదురుగా తిట్టుకోవడం కుదరనప్పుడు ఇద్దరూ ఇదే బల్ల మీద చప్పుడు లేకుండా పెదాలతో తిట్టుకునేవాళ్ళు. సెనుర అన్నని చూసి, గొంతు లేకుండా, ఒక్క మాట పలికాడు. హిటపన్. ఆగరా, నీ పని చెప్తా.

మహీల్ ఫక్కున నవ్వాడు. "ఆగుతాలే. ఎక్కడికి పోతాను?"

కరియవసం అటూ ఇటూ చూశాడు. "ఎవరు ఆగమన్నారు? నాకేం వినపడలేదే."

"మీకెలా వినపడుతుంది, చప్పుడు లేకుండా అన్నాడుగా," అంది సోమలత. "వీడి మూతి నేను చూడలేదనుకున్నాడు. పాతికేళ్ళుగా చూస్తున్నాను ఈ దొంగ తిట్లు. ఛీ, సెలక్టర్ గారి ముందు ఆ మాటేంట్రా."

సెనుర లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

హిటపన్ మధ్యలో పెదాలు రెండూ మూసుకుంటాయి. వరెన్ మొదట్లోనే కింది పెదవి పంటికి తగులుతుంది. రెండూ ఒకేలా కనపడమన్నా కనపడవు. అమ్మ నిషేధించిన మాటలే ఇన్నాళ్ళూ చెవి అక్కర్లేకుండా పని చేస్తున్నాయి.

"సార్, గురువారం ఇద్దరం ఆడతాం," అన్నాడు.

"నీకు ఎండదెబ్బ తగిలినట్టుంది."

"ఇద్దరం ఆడతాం, మా మాటలతోనే పిలుచుకుంటాం. నమ్మకం లేకపోతే ఇప్పుడే చూడండి. పక్కనే స్కూలు గ్రౌండు. కుర్రాళ్ళు ప్రాక్టీసులో ఉంటారు, పపరే బ్యాండు కూడా ఉంటుంది. గాల్‌లో కంటే గట్టిగా వాయించమనండి. ఒక్క ఓవర్. నేను బ్యాటింగ్, అన్నయ్య అవతల. ఒక్క రనౌట్ అయినా ఇద్దర్నీ తీసెయ్యండి. మీరు తీసేదేంటి, మేమే చెప్పేస్తాం, మానేశామని."

"మహీల్?" అన్నాడు కరియవసం, ఈసారి కుడి చెవి దగ్గరే.

మహీల్ పళ్ళెం పక్కకి నెట్టాడు. "వాడన్నాడంటే నేనన్నట్టే."

సోమలత తల కొట్టుకుంది. "ఆ మాటలు ఊరందరి ముందు అరుస్తారా? నా పెంపకం అంతా గంగలో కలిసింది." అంటూనే గొడుగు తీసుకుని అందరికంటే ముందు గుమ్మం దాటింది.

స్కూలు గ్రౌండుకి ఒక పక్క రైలు కట్ట, దానవతల సముద్రం. స్కూళ్ళ పెద్ద మ్యాచ్ దగ్గర పడుతోందని బ్యాండు వాళ్ళు అక్కడే సాధన చేస్తున్నారు. సెలక్టర్ చెయ్యి ఊపగానే బాకాలు లేచాయి, డప్పులు లేచాయి, కాకులు లేచిపోయాయి. సెనురకి తన ఊపిరి తనకే వినపడటం లేదు. మంచిదే అనుకున్నాడు. ఇప్పుడు ఇద్దరమూ సమానం.

మొదటి బంతి. మిడాన్ వైపు నెట్టాడు. "వరెన్." కింది పెదవి పంటి కింద పడేలా. మహీల్ అప్పటికే క్రీజు వదిలేశాడు. హాయిగా పరుగు. బౌలర్ని అవతలి చివరికి పంపి సెనురే మళ్ళీ ఎదుర్కొన్నాడు. రెండోది పాయింట్ చేతిలోకి. "హిటపన్." మహీల్ రాయిలా నిలబడ్డాడు. మూడు, నాలుగు, ఐదు. వరెన్, వరెన్, హిటపన్. ఒక్కటి తప్పలేదు. కుర్రాళ్ళు ఫీల్డింగ్ మర్చిపోయి పగలబడి నవ్వుతున్నారు, టెస్టు ఆటగాళ్ళు పశువుల్ని తోలుకున్నట్టు పిలుచుకుంటుంటే. బౌండరీ దగ్గర సోమలత గొడుగు అడ్డం పెట్టుకుంది. గొడుగు వెనక భుజాలు కదులుతున్నాయి, నవ్వో ఏడుపో.

ఆరో బంతికి కరియవసం బౌలరు చేతిలోంచి బంతి లాక్కున్నాడు.

"ఇది నేను వేస్తాను."

ప్యాంటు మడిచాడు. ఎడమచేతిలో బంతి తిప్పుతూ నడిచి వెళ్ళాడు. సెనురకి అప్పుడు వెలిగింది. ఆ భుజాలు. బంతి వేశాక ఆ మనిషి వచ్చి ఎక్కడ ఆగుతాడు? సరిగ్గా ఇద్దరి మధ్యలో. తన మొహం అన్నకి కనపడకుండా, తలుపు మూసినట్టు. కావాలనే. చెయ్యెత్తి ఇది కుదరదని చెప్పొచ్చు. చెప్పలేదు. గురువారం వచ్చే బౌలర్లు మాత్రం పక్కకి తప్పుకుని నిలబడతారా?

బంతి వచ్చింది. ఆ వయసులోనూ చురుగ్గా లోపలికి తిరిగింది. సెనుర ముందుకి ఒక అడుగు వేసి కవర్స్ వైపు నెట్టాడు. అదే కవర్స్. అదే దెబ్బ. అక్కడ ఫీల్డరు బంతి మీదికి అప్పుడే దూకుతున్నాడు. పరుగు లేదు. ఉండదు.

"హిటపన్," అని అరిచాడు సెనుర, పెదాలు రెండూ గట్టిగా మూసి తెరిచి.

ఎదురుగా కరియవసం తెల్ల చొక్కా తప్ప ఏమీ లేదు. ఆ చొక్కా పక్కనుంచి మహీల్ బయటికి వచ్చాడు. తమ్ముడి అడుగు కదలడం ఒక్కటే చూశాడు, దాన్నే నమ్మాడు. తల వంచుకుని, బ్యాటు ముందుకి చాచి, ప్రాణం పెట్టి పరిగెత్తి వస్తున్నాడు.

సగం దూరం వచ్చేశాడు. మళ్ళీ అదే సగం దూరం.

సెనుర కాళ్ళ కింద క్రీజు గీత ఉంది. తెల్లగా, చల్లగా, గాల్‌లో ఉన్నట్టే. దాని వెనక నిలబడితే తను క్షేమం.

ఈసారి వాడు నిలబడలేదు. గీత దాటి, అన్నకి ఎదురుగా, పరుగు అందుకున్నాడు. ఇద్దరూ ఒకరి పక్కనుంచి ఒకరు దూసుకుపోతున్నప్పుడు మహీల్ కుడి చెవి వాడి పక్కన పడింది. "వరెన్ అన్నయ్యా," అన్నాడు సెనుర, చెవిలో చెప్పినట్టు. "ఆగకు."

కవర్స్‌లో కుర్రాడు బంతి అందుకున్నాడు. ఒకసారి ఆ చివర చూశాడు, ఒకసారి ఈ చివర చూశాడు. బాకాలు ఎందుకో ఒక్కసారిగా ఆగిపోయాయి. బంతి వాడి చెయ్యి వదిలింది. ఏ చివరికో వచ్చే వారం చూద్దాం.